స్టార్ట్ కాని బండి ఎక్కదు

పదకొండూ ఇరవైకి ఓడ క్రేను కొక్కెం మా జీపు పక్కకి దిగింది. పదకొండూ ఇరవై ఒకటికి జీపు స్టార్ట్ కాలేదు.

నాన్న మళ్ళీ సెల్ఫ్ కొట్టాడు. ఇంజను దగ్గింది, తిరిగింది, అంటుకోలేదు.

"దిగు బావా," అంటూ యేసురాజు మావయ్య బానెట్ ఎత్తాడు. మావయ్య అమ్మకి తమ్ముడు, సర్కారు గ్యారేజీలో మెకానిక్. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలికి చూశాడు. మూత పెట్టేశాడు. నమ్మలేనట్టు మళ్ళీ తీశాడు.

"రోటర్ లేదు."

"లేదంటే?" అన్నాడు నాన్న.

"లేదంటే లేదు. విరగలేదు, కాలలేదు. ఎవడో మూత తీసి, రోటర్ పీకి, మూత పెట్టి, క్లిప్పులు కూడా బిగించి పోయాడు. పని తెలిసినోడే."

రోటర్ అంటే బొటనవేలంత నల్లటి ముక్క. అది లోపల తిరిగితేనే ప్లగ్గులకి కరెంటు అందుతుంది. జేబులో వేసుకుంటే ఉన్నట్టు కూడా తెలియదు. అది లేని జీపు ఒట్టి ఇనప మంచం.

"తోసుకుపోయి కొక్కేనికి తగిలిద్దాం," అన్నాను నేను.

లోడింగ్ చూసే బాబు చేతిలోని కాగితాల అట్ట అడ్డం పెట్టాడు. "స్టార్ట్ కాని బండి ఎక్కదు. రూలు. వైజాగులో దించాక దాన్ని అక్కడినుంచి లాగేదెవరు, నేనా? పన్నెండుకి ఓడ సరుకు గది హాచ్ మూసేస్తారు. అప్పటిదాకా టైముంది."

"గ్యారేజీలో ఇంకో జీపుంది, దాని రోటర్ పట్టుకొస్తాను," అని మావయ్య పరుగందుకున్నాడు.

"నిదానంగా వెళ్ళరా, పడతావు," అని అరిచాడు నాన్న.

ఆ మాట నా చెవిన పడింది గానీ బుర్రకి ఎక్కలేదు. నా కళ్ళు గడియారం మీదున్నాయి. నా చేతిసంచిలో నెల కిందట వచ్చిన ఆర్డరు ఉంది. జూన్ ఒకటిన మాయాబందర్ బడిలో టీచరుగా చేరాలి. చేరకపోతే ఉద్యోగం లిస్టులో తర్వాతి పేరుకి పోతుంది. మా ప్రయాణమంతా రెండు ఓడల మధ్య వేలాడుతోంది. ఇవాళ, అంటే 1978 మే ఆరున, పోర్టుబ్లెయిరు హాడో రేవులో ఎక్కే వైజాగు ఓడ ఒకటి. మే ఇరవైనాలుగున కలకత్తాలో ఎక్కి తిరిగి రావలసిన ఓడ రెండోది. ఆ రెండోది తప్పితే జూన్ పది దాకా ఇంకోటి లేదు.

పైనుంచి కేక వినిపించింది. మా నాయనమ్మ అందరికంటే ముందే ఓడ నిచ్చెన ఎక్కేసి, ఉసిరికాయ పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని, రెయిలింగ్ పక్కన కూర్చుంది.

"ఏట్రా ఏలియ్యా, ఇంకా ఎక్కరేటి?"

"జీపు పాడైందమ్మా. నువ్వు దిగు."

"నానెందుకు దిగుతాను? మంచు చూసే దిగుతాను."

మావయ్య రోటర్ పట్టుకుని వచ్చేసరికి పన్నెండు దాటి నాలుగు నిమిషాలు. బిగించాడు. ఒక్క కొట్టుకే స్టార్టయింది. ఆ రోజు మొత్తం హాడోలో అంత చక్కగా స్టార్టయిన బండి ఇంకోటి లేదు. హాచ్ మూత మాత్రం మా కళ్ళముందే మూసేశారు. నాయనమ్మని దించడానికి నలుగురు కావలసివచ్చింది, ఒకరు జాడీకి, ముగ్గురు ఆవిడకి.

*

ఇదంతా ఫిబ్రవరిలో వేలంతో మొదలైంది. నాన్న హార్బరు లాంచి మీద సెరాంగు. అంటే లాంచి నడిపే పెద్ద. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా దారి తప్పలేదు, నేల తాకించలేదు. వేలంలో పాత విల్లీస్ జీపు పాడుకుని ఇంటికి తెచ్చి, భోజనాల దగ్గర ప్రకటించాడు.

"మనం నేపాలు పోతున్నాం. ఖాట్మండు. రోడ్డు మీద."

"నేపాల్లో ఎవరున్నారు మనకి?" అంది అమ్మ.

"ఎవరూ లేరు. మనకి అన్ని వైపులా సరిహద్దు నీళ్ళే కదా. నేలమీద సరిహద్దు ఎలా ఉంటుందో చూడాలి నాకు. ఒక కాలు ఇండియాలో, ఒక కాలు అవతల పెట్టి నిలబడాలి."

దానికి ఎవరం ఎదురు చెప్పలేకపోయాం. పోర్టుబ్లెయిరులో ఏ దిక్కుకి గంటసేపు తోలినా సముద్రం వచ్చి ఆపేస్తుంది. మా జీపుకి మూడో గేరు పూర్తిగా పడేది లంబాలైన్లో ఎయిర్‌పోర్టు పక్క రోడ్డు మీద ఒక్కచోటే. సాయంత్రాలు అక్కడ ప్రాక్టీసు చేసేవాళ్ళం. మూడో గేరు పడగానే నాయనమ్మ "స్తోత్రం" అనేది, రోడ్డు అయిపోగానే నాన్న బ్రేకు వేసేవాడు.

మావయ్య ఆఫీసు నుంచి రోడ్డు మ్యాపు తెచ్చాడు. దాన్ని ముందుగదిలో గోడకి కొట్టి, ప్రతి ఆదివారం గుడి నుంచి రాగానే దానిముందు చేరేవాళ్ళం. నాన్న పెట్టిన షరతు ఒకటే. మనిషికి ఒక మజిలీ. ఎందుకు ఆగాలో లేచి నిలబడి చెప్పాలి. మిగతావాళ్ళు ఒప్పుకుంటేనే గుండుసూది పడుతుంది.

నాయనమ్మ కూర్చునే చెప్పింది. "మంచు. ఐసు ఫ్యాక్టరీది కాదు, దేవుడు చేసింది. దూరం నుంచైనా సరే."

ఖాట్మండు దారిలో దామన్ అనే చోట కొండమీదినుంచి మంచుకొండలు వరసగా కనిపిస్తాయట. సూది పడింది.

నేను రైలు అడిగాను. ఇరవై ఒక్క ఏళ్ళొచ్చినా రైలుని సినిమాలోనే చూశాను. ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారం ఈ కొసనుంచి ఆ కొసకి కనిపించదని విన్నాను. సూది పడింది. మావయ్య చిలికా సరస్సు అన్నాడు.

"మూడు రోజులు నీళ్ళమీద పోయి, నేలమీద దిగి, మళ్ళీ నీళ్ళు చూస్తావా?" అన్నాడు నాన్న.

"పెద్ద చెరువు బావా, పక్షులుంటాయి."

"పక్షులు మన రేకుల మీద కూడా ఉన్నాయి. తర్వాత."

మావయ్య మొకామాలో గంగ మీది వంతెనకి మారాడు. పైన బళ్ళు, కింద రైళ్ళు పోయే వంతెన. దానికైతే నాన్న కూడా తల ఊపాడు.

అమ్మ చివరన లేచింది. అమ్మ ఇంట్లో కుట్టుపని చేసేది. హాడో క్వార్టర్లలో సగం జాకెట్లు ఆవిడ చేతివే. "బరంపురం. పట్టుచీర. ఇంతమందికి పట్టు కుట్టాను, నా ఒంటిమీద ఒక్కటి లేదు," అని కూర్చుంది. అంత చిన్న ప్రసంగం ఎవరూ చేయలేదు. అందరికంటే లోతుగా గుచ్చుకున్న సూది అదే.

దూరాలు కొలవడం మాత్రం నాన్న ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆయన దగ్గర ఇత్తడి డివైడర్ ఉండేది, లోపల నీలం మఖమల్ వేసిన చెక్కపెట్టెలో. ఒక సూది మీద ఒక కాలు, ఇంకో సూది మీద ఇంకో కాలు, అక్కణ్ణుంచి స్కేలు మీదకి. టక్కున అంకె చెప్పేవాడు. చార్టు మీద ఓడ దారి కొలిచినట్టే.

"మొత్తం రెండు వేల కిలోమీటర్లు. రోజుకి రెండు వందలు. పది రోజుల డ్రైవింగు, నాలుగు రోజుల మజిలీలు. ఇరవైనాలుగున కలకత్తాలో ఓడ. పక్కా."

హార్బరు గేటు కాపలా థాపాది నేపాలు. మార్చిలో ఒకరోజు మా ఇంట్లో టీ తాగుతూ ఆ కాగితం చూసి నవ్వాడు. "సరిహద్దు దాటాక బీర్గంజ్ నుంచి ఖాట్మండు రెండు గంటలని లిఖా హై సాబ్? సుబహ్ బస్సులో కూర్చుంటే సాయంత్రానికి దిగుతాం. పహాడ్ హై, అంతా కొండలే. రోడ్డు పాములాగ తిరుగుతుంది."

"బస్సులు నెమ్మది భయ్యా," అన్నాడు నాన్న. అమ్మ మిషను ఆపి థాపా వైపు చూసింది. మళ్ళీ తొక్కింది.

అమ్మ గురించి ఇంకో సంగతి చెప్పాలి. నాన్న పేరు ఏలీయా. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా అమ్మ నోట ఆ పేరు ఒక్కసారి రాలేదు. రేషను ఆఫీసులో మొగుడి పేరు అడిగితే నన్ను ముందుకి తోసేది. గుడిలో తన వంతుకి ఏలీయా ప్రవక్త అధ్యాయం వస్తే, "అప్పుడు పుష్ప నాన్న కర్మెలు పర్వతం ఎక్కి..." అని చదివేది, పుష్ప అంటే నేను. సంఘం నవ్వడం కూడా మానేసింది. బయటివాళ్ళు ఎవరైనా వస్తే, మా నాన్నకి అంత చరిత్ర ఉందా అని ఆశ్చర్యపోయేవాళ్ళు.

ఇంక ఓడ ఎక్కడానికి ఒక్క రోజుందనగా, శుక్రవారం పొద్దున్న లేచేసరికి మ్యాపు మీద ఎర్ర కుట్టుదారం కనిపించింది. వైజాగు నుంచి ఖాట్మండు దాకా, అక్కణ్ణుంచి కలకత్తాకి, రోడ్డు ఎక్కడ వంగితే అక్కడ వంగుతూ, అడుగడుక్కీ గుండుసూదులతో. అమ్మ ముచ్చటపడి అలంకరించిందనుకున్నాను. బాగుందని కూడా అన్నాను. నాన్న దానిముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు కంచంలో సగం వదిలేసి, బానెట్ తుడుస్తానని బయటికి వెళ్ళాడు. ప్రయాణం కంగారు అనుకున్నాం.

*

ఓడ తప్పిన శనివారం సాయంత్రానికే మావయ్య దొంగని పట్టేశాడు, తన లెక్కలో.

"పరంధామయ్య. ఇంకెవరు? వేలంలో చివరిదాకా నీతో పోటీపడ్డది ఆయనే. పొద్దున్న జెట్టీలో బానెట్ మీద చెయ్యేసి నుంచున్నదీ ఆయనే."

పరంధామయ్యగారు ఓడ బుకింగు ఆఫీసులో క్లర్కు, లంబాలైన్లో ఉంటారు. మా నాన్నకి పదేళ్ళ స్నేహితుడు. కనిపించినప్పుడల్లా, "ఆ జీపు నాది కావలసింది, జాగ్రత్తగా తోలండి," అనేవారు. మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు అదే మాట మావయ్యకి సాక్ష్యమైపోయింది.

"నోర్ముయ్ రా. ఆయన అలాంటోడు కాదు," అన్నాడు నాన్న.

"మరెవరు?"

మావయ్య ఊరుకోలేదు. ఆదివారం బజారులో పదిమంది ముందు పరంధామయ్యగారిని అడిగేశాడు. "రోటర్ ఇచ్చెయ్యండి, గొడవుండదు." ఆయన ముఖం ఎర్రబడింది. సైకిలెక్కి వెళ్ళిపోయారు. అది చూసి మావయ్య, "చూశారా," అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నాన్న కొత్త ప్లాను చెప్పాడు. మంగళవారం కలకత్తా ఓడ ఉంది. అందులో చోటు దొరికింది. కలకత్తా నుంచి నేరుగా మొకామా, సరిహద్దు ఊరు రక్సౌల్, ఖాట్మండు, అదే దారిన వెనక్కి. తొమ్మిది రోజుల డ్రైవింగు, రెండు రోజుల మజిలీలు. ఇరవైనాలుగు ఓడ అందుతుంది, నా ఉద్యోగం భద్రం. మంచు ఉంది, వంతెన ఉంది, రైలుకి హౌరా స్టేషను ఉంది.

"బరంపురం దారిలో లేదు," అన్నాడు మ్యాపు వైపు చూస్తూ. "ఆ దొంగవెధవ మూలాన నీ చీర పోయింది, జ్ఞానం."

"పోనీలెండి," అంది అమ్మ.

నాకు వింతగా అనిపించింది ఇంకోటి. నాన్న ఒక్కసారి కూడా డివైడర్ ముట్టుకోలేదు. అంకెలన్నీ కాగితం చూసి చెప్పాడు. పైగా మార్చిలో రెండు గంటలున్న బీర్గంజ్–ఖాట్మండు, ఇప్పుడు పూర్తిగా ఒక రోజైపోయింది.

సోమవారం పొద్దున్న టిక్కెట్లకి నేనే బుకింగు ఆఫీసుకి వెళ్ళాను. పరంధామయ్యగారు కిటికీ వెనక కూర్చున్నారు. ఎప్పటిలా "ఏమ్మా టీచరమ్మా" అనలేదు. కాగితాలు ముందుకి జరిపారు.

"జీపు ఒకటి, మనుషులు ఐదుగురు. చూసుకో."

"థాంక్స్ బాబాయ్. ఒక్క రోజులో జీపుకి చోటు ఇప్పించారు."

నేను కాగితం మడవబోతూ ముద్ర చూశాను. మే ఐదు. శుక్రవారం.

శుక్రవారం మా జీపు బంగారంలా ఉంది. శుక్రవారం మాకు వైజాగు ఓడ ఉంది. దొంగతనం శనివారం జరిగింది.

తల ఎత్తాను. పరంధామయ్యగారు తన అరచేతిని మెల్లిగా ఆ ముద్ర మీద పెట్టారు.

"తారీఖు చూడకమ్మా. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"మిమ్మల్ని బజారులో దొంగ అన్నారు కదా బాబాయ్."

"అన్నారు. నేను మాట ఇచ్చింది నన్ను దొంగ అన్నవాడికి కాదు కదా." ఆయన కిటికీ తలుపు సగం మూశారు. "రాత్రి మీ ఇంట్లో ప్రార్థన అటగా. మీ పిన్ని నిమ్మకాయలు పంపిస్తానంది, ఓడలో వాంతులు రాకుండా. తెస్తాను."

ఇంటికి పరుగెత్తాను. నాన్న లాంచి దగ్గరికి వెళ్ళాడు. అలమరలో చెక్కపెట్టె ఉంది. పొద్దున్న సామాన్లు సర్దుతూ నేను అడిగితే, "రోడ్డు ప్రయాణానికి డివైడర్ ఎందుకు, ఉండనీ," అన్నాడాయన. పెట్టె తెరిచాను. నీలం మఖమల్ మీద, డివైడర్ పక్కనే, నల్లగా, బొటనవేలంత రోటర్. మ్యాపు మీదినుంచి ఊడదీసిన ఎర్ర కుట్టుదారం దానికి చుట్టి ఉంది, సినిమా రీలు చుట్టినంత శ్రద్ధగా.

"పెట్టెలో ఉందా?" అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "నేను ఉప్పు డబ్బాలో కూడా వెతికాను."

"నీకు తెలుసా?"

"జెట్టీలోనే తెలిసింది. మీ మావయ్యని పరిగెత్తొద్దన్నప్పుడు."

"మ్యాపు మీద దారం నువ్వు పెట్టావు కదా."

"థాపా అన్న మాట తలలో తిరుగుతూనే ఉంది. చంక దగ్గర గుడ్డ వంపు తిరుగుతుంది. దాన్ని తిన్నగా కొలిస్తే జాకెట్టు పట్టదు. దారం వేసి కొలవాలి." అమ్మ బట్టలు మడత పెడుతూనే ఉంది. "దారం వేసి చూస్తే రెండు వేలు కాదు, రెండు వేల ఏడు వందలు. పదమూడున్నర రోజులు. మజిలీలు కలిపితే ఆయన చెప్పిన పద్నాలుగు కాస్తా పదిహేడు దాటిపోయాయి. కలకత్తా ఓడ పోయినట్టే. నీ ఉద్యోగం పోయినట్టే. నేను చెప్తే బాగోదని మ్యాపు మీద వదిలేశాను, ఆయనే చూసుకుంటారని."

"నాన్న చూసుకుని నాతో చెప్పొచ్చుగా. ఎవరు నవ్వుతారు?"

"సముద్రం మీద మీ నాన్న వేసిన గీత ఒక్కటీ తప్పలేదే. అక్కడ మధ్యలో కొండలు అడ్డం రావు. ఇరవై ఏడేళ్ళ సెరాంగు దారి కొలవడం తప్పానని అనాలంటే, దొంగతనం చేయడమే తేలికనిపించింది." అమ్మ చివరి చీర మడిచి పెట్టెలో పెట్టింది. "చీర పోతే పోయింది. కానీ ఆ పరంధామయ్యగారు బజారులో మాట పడ్డారు. రాత్రి ఆమేన్ దాకా చూస్తాను. మీ నాన్న నోరు విప్పితే సరే."

ఇక్కడ ఒక మాట ముందుగా చెప్పేస్తాను. మేం మంగళవారం ఓడ ఎక్కాం. రక్సౌల్ దాటాక నాన్న ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి పది నిమిషాలు నిలబడ్డాడు, వెనక లారీలు హారన్లు కొడుతున్నా. దామన్‌లో నాయనమ్మ మంచుకొండల వైపు చూసి, "ఇంత దూరంలో పెట్టాడేటి," అంది గానీ గంటసేపు కదల్లేదు. ఆ కొండ మలుపుల్లో ముందు సీట్లో కూర్చుని, దారపు ఉండ చేతిలో పెట్టుకుని దారి చెప్పింది అమ్మే. జూన్ ఒకటిన నేను మాయాబందర్లో రిజిస్టరులో సంతకం పెట్టాను. ఆ వేసవి తర్వాత మా ఇంట్లో ఏ దూరమైనా అమ్మ కొలిచాకే నాన్న బయల్దేరేవాడు. అయితే ఈ మార్పు మొదలైంది కొండల్లో కాదు, సోమవారం ప్రార్థనలో.

*

ముందుగదిలో చాపలు పరిచాం. ఇరవైమంది దాకా వచ్చారు. పరంధామయ్యగారు నిమ్మకాయల సంచితో వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నారు. ఆయన పక్క చాప ఖాళీగా ఉండిపోయింది. మావయ్య ఆయన వైపు చూడకుండా పాటల పుస్తకం తిరగేశాడు.

పాట అయింది. మా గుడి పాస్టరు జ్ఞానయ్య అయ్యగారు మనవుల పుస్తకం తెరిచారు. ఎవరికోసం ప్రార్థన చేసినా ఆ పుస్తకంలో పేరు రాయడం ఆయన పద్ధతి. పేరు లేని ప్రార్థన అడ్రసు లేని ఉత్తరం అనేవారు. మా ఐదుగురి పేర్లు రాశారు. జీపుని కూడా రాశారు, నాయనమ్మ పట్టుబట్టిందని.

"ఇంకొకరు మిగిలారు," అన్నారు అయ్యగారు. "ఈ ఇంటివారికి కీడు చేసిన మనిషి. అతన్ని క్షమించమని అడగకుండా మీరు ఓడ ఎక్కడం మంచిది కాదు. పేరు తెలియదు గనుక, 'తెలియనివాడు' అని రాస్తాను."

"తెలియకేం," అన్నాడు మావయ్య, పాటల పుస్తకంలోకే చూస్తూ.

గదిలో తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. పరంధామయ్యగారు నిమ్మకాయల సంచి మెల్లిగా గోడవారగా పెట్టారు. లేవడానికి చెయ్యి నేలమీద ఆనించారు.

నేను నాన్న వైపు చూశాను. నాన్న నోరు తెరిచాడు. మూశాడు. ఆయన చూపు గోడమీది మ్యాపు మీదుంది, సూదులు గుచ్చిన చిల్లుల మీద.

అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఆ తెలియని మనిషి ఎవరైనా సరే, అతన్ని క్షమించు. ఆమేన్."

"ఆమేన్," అన్నారు అందరూ. నాన్న గొంతు ఒక్కటి తక్కువైంది. ఎప్పుడూ గదిలో అన్నిటికంటే గట్టిగా వినిపించే గొంతు.

అయ్యగారు పెన్ను తీశారు, 'తెలియనివాడు' అని రాయడానికి.

"ఆగండి అయ్యగారూ," అంది అమ్మ. లేచి నిలబడి, కొంగు భుజం మీదికి లాక్కుంది. "పరంధామయ్యగారూ, కూర్చోండి. తమ్ముడూ, నువ్వు లేచి ఆయన పక్కన కూర్చో."

మావయ్యకి అర్థం కాలేదు. అయినా లేచాడు. అక్క ఆ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"తెలియనివాడని రాయకండి," అంది అమ్మ. "రోటర్ తీసినాయన నాకు తెలుసు. పెట్టెలో దాచింది తెలుసు. ఎందుకు తీశారో కూడా తెలుసు, నా కూతురి ఉద్యోగం కోసమే తీశారు. క్షమించమనే అడగండి. కానీ పేరు పెట్టి అడగండి."

"పేరు చెప్పమ్మా మరి," అన్నారు అయ్యగారు.

అమ్మ అలవాటు కొద్దీ నా వైపు తిరిగింది. నేను చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపింది. నాన్న వైపు తిరిగి, ఆయన కళ్ళలోకి చూసి, ఇరవై మూడేళ్ళలో మొదటిసారి, జాగ్రత్తగా, ఒక్కో అక్షరం కుట్టినట్టు పలికింది.

"ఏలీయా."